పూడిక దిబ్బ మీద నలభై కండ్లు

గూడూరు నుంచి తండాకు పోయే బాట పక్కన ఒక పూడిక దిబ్బ ఉంది. పొద్దుగూకితే ఆ బాటన బండి కట్టేవాడు లేడు.

కరువు పనుల్లో చెరువు తవ్వి పోసిన మట్టి అది. మామూలుగా చెరువు మట్టి కోసం రైతులు బండ్లు వరుస పెట్టి కొట్లాడుకుంటారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. ముట్టిన ఒక్కడి మిరపచేను నిలువునా మాడింది. చెరువు ఎగువన తోళ్ల కార్ఖానా ఉంది. దాని మురుగు పదేండ్లు ఆ చెరువులోకే దిగింది. ఎండాకాలం దిబ్బ మీద ఉప్పు తెల్లగా పూస్తుంది. ఆ ఉప్పు నాకి తండాలోని ముసలి సోమ్లీ మేకలు నాలుగు నురగలు కక్కి చచ్చాయి.

ఊరు దాన్ని విషం అనలేదు, దయ్యం అంది. విషమంటే కార్ఖానా యజమాని పేరెత్తాలి. దయ్యానికి యజమాని ఉండడు.

ఆ జాగాను ఏం చేయాలని పంచాయతీ సమితి ఆఫీసులో మీటింగు పెట్టారు. అధ్యక్షుడు వెంకట్రాం— అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా హైస్కూలు పిల్లలను రోడ్డెక్కించి, లాఠీలు మాకు వదిలి, కుర్చీ తను తీసుకున్న పెద్దమనిషి. విత్తనాల గోదాం కడదామన్నారు ఎవరో.

"విత్తనాలు ఖరాబైతయి" అన్నాడు వెంకట్రాం.

పశువుల దవాఖాన?

"పశువులు మట్టి నాకుతయి."

చివరికి తేల్చారు— తండా పిల్లలకు హాస్టలు.

మట్టి మంచిది కాదని ఓవర్సీరు సుదర్శన్ రెండు రిపోర్టులు రాశాడట. మూడోది రాయలేదు. చెప్పినట్టే సున్నం గీతలు పోసి, కర్ర గూటాలు పాతాడు. అధికారానికి మోకరిల్లిన గుమాస్తా అని నేనతన్ని పదిమందిలో తిట్టాను.

తెల్లారేసరికి గూటాలు మాయం. మళ్లీ పాతాడు... మళ్లీ మాయం. రాత్రి అక్కడే కావలి పండమని వెంకట్రాం అతనికి హుకుం వేశాడు. ఆ రాత్రి సంగతి సుదర్శన్ చాయ్ హోటల్లో చెప్పగా విన్నాను.

"కుక్కలు గూడ మొరుగుతలేవు. దిబ్బ మీద... గల్లుమన్నది."

చేతిలోని కందీలు దీపం ఎత్తాడట. దిబ్బ నడుమ ఒక కన్ను. దాని పక్కన ఇంకో కన్ను. కింద మరొకటి... పది, ఇరవై, నలభై... మెడ నుంచి నడుము దాకా కండ్లే. మొహం లేదు. అది వంగితే అన్నీ ఆరిపోయాయి. లేస్తే మళ్లీ వెలిగాయి. చేతిలో ఏదో పొడుగ్గా, తెల్లగా... ఎముక లాగా.

"ఎవరు..." అన్నాడట.

నలభై కండ్లూ ఒక్కసారి ఇటు తిరిగాయి—

సుదర్శన్ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

మర్నాటి నుంచి కాంట్రాక్టరు దిబ్బ మీద కాలు పెట్టలేదు. పని ఆగింది. చూడండి మన పాలన. రెండు రిపోర్టులు ఆపలేదు, చచ్చిన మేకలు ఆపలేదు, దయ్యం ఆపింది.

నాకు ఒళ్లు మండింది. మా యువజన సంఘం కరపత్రాల్లో సామ్రాజ్యవాదం ఉండేది, ఈ దిబ్బ ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం వేశాం— "మూఢత్వం నశించాలి". దిబ్బ మీద రాత్రంతా పడుకుంటాననీ, దయ్యం లేదని పొద్దున అందరి ముందు చెప్తాననీ నా పేరుతో అచ్చేయించాను.

వెంకట్రాం మొదటిసారి నా భుజం తట్టాడు. "మంచి పని తమ్మీ. నువ్వు లేదను, నేను రేపే కొబ్బరికాయ కొడుత." ఆ సాయంత్రమే గూటాలు మళ్లీ పాతించాడు.

దిబ్బ మీద నడిజాము దాటింది. గల్లు... గల్లు.

కండ్లు.

చదివిన పుస్తకాల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. టార్చి నొక్కాను—

సోమ్లీ. ఆమె రవికకు కుట్టిన అద్దాలు తళతళ మెరుస్తున్నాయి, కాళ్ల కడియాలు గల్లుమంటున్నాయి. నల్లటి ముసుగు కింద మొహం అందాకా చీకట్లో కలిసిపోయి ఉంది. చేతిలో సున్నం అంటిన గూటం. ఆమె ముందు, నాకు వీపు చేసి, కందీలు పట్టుకొని... సుదర్శన్.

"అన్నా, గింత అబద్ధమా?" అన్నాను.

"రెండుసార్లు నిజం రాసిన గద తమ్మీ. ఎవడన్న సదివిండా?" అంటూ, సాయంత్రం తను పాతిన గూటాన్నే కాలితో తన్ని ఊడబెరికాడు.

సోమ్లీ నా దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "హాస్టలు లిస్టుల మొదటి పేరు నా మనుమరాలిది బిడ్డా. మేకలు నాలుగు పోయినయి. అది ఒక్కతే ఉన్నది. నువ్వు సదువుకున్నోనివి... పొద్దుగాల దయ్యం లేదంటవా?"

నేను వంగి ఒక గూటం పీకాను.

తెల్లారింది. ఊరంతా బాట మీద నిలబడింది. వెంకట్రాం తెల్లబట్టల్లో, కొబ్బరికాయతో దిబ్బ ఎక్కాడు. గూటం ఒక్కటీ లేదు.

"ఏం తమ్మీ, దయ్యం లేదు గదా?"

జేబులో నా కరపత్రం మడత నలిగింది.

"ఉన్నది" అన్నాను. "హాస్టలు గట్టేటాయన ఏడని... మీ పేరు వెట్టి అడిగింది."

కొబ్బరికాయ ఆయన చేతిలోంచి జారి దిబ్బ మీద దొర్లింది. తీసుకోవడానికి ఎవరూ వంగలేదు.