తెల్ల తానుల మీద నల్ల మరక

చంకలో తెల్ల బట్ట తానుతో డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన పరశురాములు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సిరిసిల్లల సాంచెలు, గదే మరమగ్గాలు, నడిపిస్తనమ్మా. నేసిచ్చిన బట్టకు నూనె మరకలైనయని కోరుట్ల సురేందర్ సేటు మాలంత వాపస్ జేసిండు. ఇగ నూలియ్యనంటుండు. నూలు లేకుంటె సాంచెలు పాతినుము కిందికే."

"మరక మీ సాంచెదేనా?" అడిగింది డిటెక్టివ్ సంజన.

"నల్ల మరకంటె సాంచె నూనెనే గద! మా నాయిన కాలం నుంచి గంతే."

అసిస్టెంటు మధుకర్ జగిత్యాల బట్టల దుకాణంలో పెరిగినవాడు. సరుకు చూసి బేరం ఎటు తిరుగుతుందో చెప్పగలడు. ఈ బేరంలో మునిగేది పరశురాములేనని లోపలే తేల్చేసుకున్నాడు. సంజన మాత్రం ఆ తానును మడత మడతగా విప్పింది. పై మడతలో అరచేయంత మరక, దాని కింద రూపాయి బిళ్లంత, ఆ కింద చుక్క.

మరునాడు కోరుట్లలోని తన అద్దకం షెడ్డులో సురేందర్ చాయ్ తెప్పించాడు.

"సరుకు బాలరాజు టెంపోల అచ్చింది మేడమ్. సాంచె నూనె కాకుంటె టెంపో నూనె. నన్నేమడుగుతరు?"

అక్కడే ఉన్న డ్రైవర్ బాలరాజు ఊరుకోలేదు. "నా బండి ఆయిల్ కారితె రోడ్డు మీద పడ్తది సేటూ, ఎగిరి తానుల మీద కూసుంటదా?"

సంజన నవ్వి షెడ్డంతా తిరిగింది. బాయిలర్ పక్కన వెచ్చగా ఉంది. నెత్తిమీదుగా ఆయిల్ పైపు పోతోంది. కింద పాత గచ్చులో ఒక్కచోట కొత్త సిమెంటు.

"గీ వానలకు బట్ట చెమ్మ పడ్తదా?"

"పడకేం మేడమ్, గోదామంత ముక్క వాసన," అన్నాడు సురేందర్.

సాంచె నూనె, టెంపో ఆయిల్, బాయిలర్‌లో మండించే చిక్కటి ఫర్నేస్ ఆయిల్ సీసాల్లో పట్టించి, మరక ముక్కతో పాటు ల్యాబుకు పంపింది.

ఫలితం వచ్చాక అందరినీ సిరిసిల్లలో పరశురాములు సాంచెల షెడ్డుకు పిలిపించింది. సాంచెలన్నీ మూగగా ఉన్నాయి.

"ముడి చమురు కాగవెడితె పెట్రోలు, డీజిలు ఆవిరై పైకి పోతయి. భారమైంది అడుగుకు మిగుల్తది, పాలగిన్నెల మాడు లెక్క. వెనేడియం, నికెల్ అనే లోహాలు గా మాడులనే ఉంటయి. ఫర్నేస్ ఆయిలంటె గదే. సాంచె నూనెల, టెంపో ఆయిల్ల వెనేడియం దొరకలే. మరకల రెండూ దొరికినయి," అంది సంజన.

"ఊళ్లె నాదొక్కటేనా బాయిలరు?" అన్నాడు సురేందర్.

"కాదు. కని ఒక్కో చమురుల ఆ రెండు లోహాల పాళ్లు ఒక్కో తీరుంటయి. మరకల పాళ్లు మీ సీసాతోనే కలిసినయి. ఇంకోటి, సాంచె మీద బట్ట చాపినట్టుంటది, మడతలుండయి. ఈ మరక మడతలు దాటి దిగింది. చెమ్మ ఆరాలని తానులు బాయిలర్ పక్కన పేర్చిండ్రు, పైపు కారింది. గచ్చు మీది మరకకు సిమెంటు పూసిండ్రు. బట్ట మీది మరక పరశురాములుకు పూసిండ్రు."

మధుకర్ తన లెక్కను మనసులోనే కొట్టేసుకున్నాడు.

పరశురాములు ఇచ్చిన చాయ్ గ్లాసు సురేందర్ కింద పెట్టాడు. "పాడైన సరుకు నేనెందుకు మొయ్యాలె అనుకున్న. తప్పైంది పరశురాములూ. రేపు నూలు పంపుత."

"రేపెందుకు సేటూ?" బాలరాజు తాళంచెవి తిప్పాడు. "టెంపో బయటనే ఉన్నది."

షెడ్డంతా నవ్వింది. పరశురాములు నూనెడబ్బా అందుకొని, ఆగి ఉన్న మొదటి సాంచెకు ధీమాగా రెండు చుక్కలు పోశాడు.