పదకొండు సర్వర్లు, ఒక గొడుగు

"మూడు రోజులైందండీ! సర్వర్ అడిగానా, ఇల్లు కట్టివ్వమన్నానా?"

తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. చేతిలో పచ్చ గొడుగు. దాన్నుంచి వాన నీళ్లు కారి నా కేబుళ్ల మీద పడుతున్నాయి.

"ముందు ఆ గొడుగు తలుపు బయట పెట్టండి. పోట్లాట తర్వాత," అన్నాను.

"పెట్టా. ఇప్పుడు చెప్పండి, ఎప్పుడిస్తారు?"

"మొత్తం నలభై రెండు స్టెప్పులు. ముప్పైలో ఉన్నా."

"అయితే మిగతావి అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా," అని స్టూలు లాక్కుని నిజంగానే కూర్చుంది.

ఆమెది రెండో అంతస్తు, టెస్టింగ్ పని. నాది ఐదో అంతస్తులో మూలగది. కంపెనీలో ఎవరికి కొత్త సర్వర్ కావాలన్నా నేనే చేత్తో తయారుచేయాలి. సిస్టమ్ ఎక్కించి, సాఫ్ట్‌వేర్లు వేసి, పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి అంటించాలి. ఆఖర్న ఒక ఫారం. అడిగినవాళ్లు స్వయంగా వచ్చి, "అన్నీ సరిచూసుకుని తీసుకున్నాను" అన్న చోట సంతకం పెట్టాలి. ఆ సంతకమే లేకపోతే నా గదికి మనిషన్నవాడు వచ్చేవాడు కాదు. వచ్చినవాళ్లు కూడా నిలబడే పెట్టేసి వెళ్లిపోయేవారు. కూర్చున్నది ఆమె ఒక్కతే.

మిగతా స్టెప్పులయ్యాక సంతకం పెట్టి, కవరు తీసుకుని వెళ్లిపోయింది. గొడుగు మర్చిపోయింది. తీసి నా బీరువాలో పెట్టాను.

నా బతుకు గురించి ఒక ముక్క చెప్పాలి. అద్దె గది, ఒక కుర్చీ, ఒక కప్పు. ప్రతి ఆదివారం అక్క ఫోన్ చేసేది.

"ఎవరితోనైనా మాట్లాడుతున్నావురా?"

"రోజూ మాట్లాడుతున్నానే."

"మనుషులతోనా?"

నేను వాన కబుర్లలోకి మాట మార్చేవాణ్ణి.

వారం తిరక్కుండా ఆమె ఇంకో సర్వర్ అడిగింది. దానిలో నేనో పిచ్చిపని చేశాను. సర్వర్‌లోకి లాగిన్ కాగానే తెర మీద కొన్ని మాటలు కనిపిస్తాయి. మామూలుగా "అనుమతి లేనివారు రాకూడదు" అన్న బెదిరింపే ఉంటుంది. దాని కింద నేనొక లైను చేర్చాను: "మీ గొడుగు నా దగ్గర భద్రంగా ఉంది."

నోటితో చెప్పొచ్చుగా అంటారేమో. ఎదురుగా మనిషుంటే నాకు ఆ నలభై రెండు స్టెప్పులు తప్ప మాట పెగలదు. ఏం చెయ్యమంటారు!

మర్నాడు లిఫ్టులో కనిపించి నవ్వింది. చదివిందనుకున్నాను. గొడుగు మాత్రం అడగలేదు. మళ్లీ రావడానికి వంక ఉంచుకుందేమోనని ఓ వారం మురిసిపోయాను.

ఇక సర్వర్ వెనక సర్వర్. ప్రతిసారీ స్టూలు మీద కూర్చునేది. వాన చూసేది. నా కప్పు మురికిగా ఉందని తిట్టేది. ఆమె వెళ్లాక ఆ స్టూలు వంక చూడబుద్ధయ్యేది కాదు. ప్రతి సర్వర్‌లోనూ ఒక లైను రాశాను. "ఈ రోజు కప్పు కడిగాను." "జలుబు తగ్గిందా?" అలా లైను రాసినవాటిలో పదకొండో దాని దగ్గర ఇక ఆగలేకపోయాను.

"మీరు రాని రోజు ఈ గదిలో ఉండలేకపోతున్నాను. మీరంటే నాకిష్టం. మీకు లేకపోతే ఏమీ అనకండి. నాకర్థమైపోతుంది."

కవరు ఇచ్చాను. సంతకం పెట్టింది. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఏమీ అనలేదు.

అర్థమైపోయింది.

సర్వర్ల తయారీ అంతా మనిషి చెయ్యి పడకుండా జరిగేలా ఆటోమేషన్ చెయ్యమని మా టీమ్ లీడ్ గారు కొన్నాళ్లుగా నా ప్రాణం తీస్తున్నారు. ఆమె రావడం ఆగిపోతుందని నేనే ఏదో ఒక సాకు చెప్పి దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు ఇంకెందుకు? ఇష్టం లేని మనిషి ముందు కూర్చుని సంతకాలు పెట్టే ఇబ్బంది ఆమెకు మాత్రం ఎందుకు? మూడు వారాల్లో పని ముగించాను. పేజీ తెరవాలి, ఎలాంటి సర్వరో ఎంచుకోవాలి, బటన్ నొక్కాలి. ఎనిమిది నిమిషాల్లో సర్వర్ సిద్ధం. ఫారం లేదు, కవరు లేదు, నేనూ లేను.

మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. లీడ్ గారు భుజం తట్టి, "ఇక నిన్నెవరూ విసిగించరయ్యా!" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజమైంది. నెలన్నర పాటు నా తలుపు ఎవరూ తట్టలేదు. ఒకసారి మధ్యాహ్నం దాకా నోరే తెరవలేదని, దగ్గొచ్చినప్పుడు గాని తెలియలేదు. బీరువాలో పచ్చ గొడుగు ఎండిపోయి వేలాడుతోంది. తిరిగిచ్చేద్దామని రెండుసార్లు రెండో అంతస్తు దాకా దిగి, మొహం చెల్లక మెట్లెక్కి వచ్చేశాను.

ఆ శుక్రవారం లీడ్ గారు ఒక జాబితా పంపారు. వాడని సర్వర్లను కొత్త సిస్టమ్ తనంతట తనే ఏరి, సాయంత్రం ఐదింటికి చెరిపేస్తుంది. "ఒకసారి చూడు" అన్నారు.

చూశాను. పదకొండు సర్వర్లు. పదకొండూ ఆమెవే, వాడుకలో ఉన్న ఆ మొదటిది తప్ప ఆమె తీసుకున్నవన్నీ. చివరి లాగిన్ అన్న గడిలో, వరసగా పదకొండు సార్లు ఒకటే మాట: "ఎప్పుడూ లేదు."

అంటే ఆమె ఒక్కటీ తెరవలేదు. గొడుగు గురించి తెలీదు. పదకొండోది అసలే తెలీదు. వద్దని ఎవరూ అనలేదు, నేనే అనేసుకున్నాను.

టైము నాలుగూ నలభై. లిఫ్టు కోసం కూడా ఆగలేదు.

రెండో అంతస్తులో ఆమె చుట్టూ ఆరు కుర్చీలు, ఆరూ ఖాళీ. నన్ను చూసి హెడ్‌ఫోన్లు తీసింది.

"మీరా! దారి తప్పారా?"

"ఆ పదకొండు సర్వర్లు ఎందుకడిగారు? ఒక్కసారి కూడా తెరవలేదు!"

ఆమె మొహం కందిపోయింది. "ఇప్పుడు కేసు పెడతారా?"

"చెప్పండి, ప్లీజ్."

"నాకు పనికి కావాల్సింది వీటికి ముందు తీసుకున్న ఆ మొదటిదొక్కటే." గొంతు తగ్గించింది. "మా టీమంతా వేరే ఊళ్లో కూర్చుంటుంది. ఇక్కడ నేనొక్కదాన్నే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవుల్లో గొంతులే, ఎదురుగా మొహం ఉండదు. సంతకం వంకతో మీ దగ్గర కాసేపు కూర్చునేదాన్ని. అదీ మీకు బరువైంది. నా పీడ వదిలించుకోవడానికి ఏకంగా ఆటోమేషనే పెట్టేశారు!"

"అయ్యో రామా! ఆ పాస్‌వర్డ్ కవర్లు ఉన్నాయా?"

సొరుగు లాగింది. పదకొండు కవర్లు, అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

"చింపండి. ఐదింటికి అన్నీ పోతాయి. లోపల మీరు చూడాల్సింది ఉంది."

అనుమానంగా చూస్తూ మొదటి కవరు చింపింది. లాగిన్ అయింది. చదివింది.

"నా గొడుగా! పోయిందనుకుని కొత్తది కొనుక్కున్నానే!"

రెండోది, మూడోది. కప్పు దగ్గర పకపకా నవ్వింది. జలుబు దగ్గర నవ్వు ఆగిపోయింది. తర్వాత గబగబా చింపుతూ, చదువుతూ పోయింది. నేను గోడ గడియారం వంకే చూస్తూ నిలబడ్డాను. నాలుగూ యాభై ఎనిమిదికి పదకొండోది తెరిచింది.

చదివి నా వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు.

"ఏమీ అనకపోతే అర్థమైపోతుందా? ఏం అర్థమైంది మీ మొహం! ఒక్కసారి నోటితో అడిగితే ఏం పోయేది?"

"భయమేసింది," అన్నాను.

"నాకు మాత్రం వెయ్యలేదా? అందుకేగా పదకొండు సర్వర్లు అడిగాను!"

ఐదయింది. తెర మీద కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. నా రాతలన్నీ పోయాయి. "పోనివ్వండి, చదివేశాగా," అంది.

ఇద్దరం ఐదో అంతస్తుకెళ్లాం. ఆమె తన స్టూలు మీద కూర్చుంది. నా బల్ల మీద పాత ఫారాలు ఇంకా కట్టగా ఉన్నాయి. ఒకటి లాగి ఏదో రాసి నాకు చూపించింది.

"పచ్చ గొడుగు ఒకటి. దాన్ని దాచిన మొద్దబ్బాయి ఒకడు."

"కింద ఏం రాసుందో చూశారా? అన్నీ సరిచూసుకుని తీసుకోవాలి," అన్నాను.

"పదకొండుసార్లు చూసుకోకుండా పెట్టా," అంది నా పెన్ను లాక్కుంటూ. "ఈసారి చూసుకునే పెడుతున్నా."

సంతకం పెట్టింది. ఆదివారం అక్క ఫోన్ చేసి, ఎవరితోనైనా మాట్లాడుతున్నావురా అని ఎప్పటిలాగే అడిగింది. నేను ఫోన్ నా పక్కనే ఉన్న ఆమె చేతికిచ్చాను.