ఎదురుచూపులు లేని చోట

ఏడో తలుపు ముందు వాహనం ఆగింది. ఒక స్త్రీ భర్త చేయి పట్టుకుని దిగి, ఖాళీగా ఉన్న నడవావైపు పదకొండు సెకన్లు చూసి, ఆ తర్వాత అతణ్ణి లోపలికి నడిపించుకు వెళ్ళింది. సుభాషిణి ముందున్న తెరమీద ఆ పదకొండు సెకన్లూ ఎర్రచుక్కగా మిగిలాయి. ‘దారి తెలియని తడబాటు’ అని, రాకపోకలను నడిపించే యంత్రం వేళదారి దానికి పేరు పెట్టింది. నేలమీద ఇంకో బాణం గుర్తు వెలిగించింది. అప్పటికే అక్కడ ఆరు బాణాలున్నాయి.

నాలుగు నెలలుగా వారానికి మూడుసార్లు వచ్చే మనిషికి దారి తెలియకపోవడమేమిటని సుభాషిణి అనుకుంది.

మనుషులు సేవలనూ, కట్టడాలనూ, యంత్రాలనూ ఎలా అనుభవిస్తారో విశ్వవిద్యాలయం తరఫున పరిశోధించడం ఆమె పని. కిడ్నీ రోగుల కోసం ఉద్దానంలో కొత్తగా కట్టిన ఈ రక్తశుద్ధి కేంద్రంలో ఎవరూ దేనికోసమూ ఆగనక్కరలేదు. ఏ ఇంటిముందుకు ఏ నిమిషానికి వాహనం వెళ్ళాలో, పన్నెండు తలుపుల్లో దేనిముందు ఆగాలో, ఏ గదిలో మంచం సిద్ధంగా ఉండాలో అంతా వేళదారే చూసుకుంటుంది. రోగికీ, వెంట వచ్చినవారికీ చేతికి అనుభవకంకణం ఉంటుంది. నాడి ఎప్పుడు పెరిగిందో, అడుగు ఎక్కడ తడబడిందో అది చెబుతుంది. పాత కేంద్రంలో జనం పూటలకు పూటలు పడిగాపులు కాసిన హాలు ఇక్కడ లేదు. నూటికి తొంభై ఏడుమంది సంతృప్తిగా ఉన్నారు. ఈ పద్ధతిని అన్ని ఆసుపత్రులకూ విస్తరించవచ్చని ఆమె రాసిన నివేదిక మర్నాడు సమర్పించాలి.

తేలని సంగతి ఇంకొకటి ఉంది. గేటు బయట మూడు రోజులుగా ఒక వృద్ధురాలు ఎండలో నిలబడుతోంది. నాలుగడుగుల దూరంలో నీడ ఉంది, బల్ల ఉంది. ఆమె అటు రాదు. గేటు ఆకారం పెద్దవారిని బెదరగొడుతోందేమోనని సుభాషిణి రాసుకుంది. పరిశోధకులు మాట్లాడకూడదన్న నియమం కంకణం ఉన్నవారి విషయంలోనే; ఆ వృద్ధురాలి చేతికి కంకణం లేదు. మంచినీళ్ళు తీసుకుని వెళ్ళింది.

“లోపలికి రండమ్మా. నీడలో కూర్చోండి.”

“వొద్దు తల్లీ. మైల్లో ఉన్నాను. పదిమందీ కూకునే బల్ల ముట్టుకోకూడదు.”

సుభాషిణి చేతిలోని గ్లాసు చూసుకుంది. గేటు ఆకారం గురించి తాను రాసిన నాలుగు పేజీలు గుర్తొచ్చాయి.

ఆమె పేరు అచ్చియ్యమ్మ. భర్త పోయి పదిరోజులైంది.

“రేపు పెద్దకర్మ. మా వొదినకి కబురు సెప్పాల. మైల్లో రోడ్డెక్కుతావేటని మా పెద్దోడు తిడతన్నాడు. ఐనా తప్పదు.”

“మీ వదినగారు ఇక్కడికి వస్తారా?”

“సొంత వొదిన కాదమ్మా. పాత ఆస్పత్రిలో నాలుగేళ్ళు పక్కపక్కన కూకున్నాం. మొగోళ్ళు లోపల, మేం బయట. అన్నయ్య తిన్నాడా అని నానంటే, అన్నయ్య తిన్నాడా అని ఆవిడనేది. ఇక్కడికొచ్చినకాడ్నించి ఆవిడ ఏ తలుపులోంచి ఎల్తందో నాకు తెల్దు. బండి అద్దాలు నలుపు. సివరాకరికి కూడా ఈయన, పక్క మంచం బావ ఎలాగున్నాడో కనుక్కోయే అన్నాడు.”

“ఆవిడ పేరేమిటి?”

అచ్చియ్యమ్మ ఆమెను వింతగా చూసింది. “వొదినని పేరడుగుతారేటి?”

“ఫోన్ నంబరు?”

“వారానికి మూడుమార్లు మొకాలు సూసుకునేవోళ్ళకి నంబరెందుకమ్మా? ఊరు తెలుసు. ఆ ఊరిప్పుడు సముద్రంలో ఉంది. జనాన్ని మూడు కాలనీల్లో ఏసినారు. మా సిన్నోడు రెండు తిరిగొచ్చాడు. కిడ్నీలు పోయినోడు లేని ఇల్లేది? ఎవుర్నని అడుగుతాడు? రేపెప్పుడో ఎదురుపడి, అన్నయ్యకి ఎలాగుందే అంటే నా మొకం ఎక్కడ ఎట్టుకోను?”

సుభాషిణికి ఏడో తలుపు గుర్తొచ్చింది. కానీ తెరమీద ముఖాలు మసకగా ఉంటాయి. పేర్లు ఆమెకూ తెలియవు. కంకణం ఉన్నవారితో పరిశోధకులు మాట్లాడకూడదు. ఒక్క దారి మాత్రం ఉంది. పరిశోధన ముగిసేలోగా ఒకసారి ఆమె వేళదారిని మార్చి ఫలితం చూడవచ్చు. ఆ అవకాశాన్ని ఇంతవరకూ వాడుకోలేదు.

“మధ్యాహ్నం తిరుగు వాహనాలను అరగంట ఆపండి,” అంది నిర్వాహకుడు కృపారావుతో. “అందరినీ గేటు దగ్గర నీడలోకి పంపండి. డాక్టరుగారు సరే అన్నారు.”

“ఇవాళా మేడమ్? రేపు నివేదిక పెట్టుకుని? తొంభై ఏడు కాస్తా నలభైకి దిగిపోద్ది.”

“దిగనివ్వండి.”

పన్నెండున్నరకు జనం నీడలోకి వచ్చారు. మొదట విసుక్కున్నారు. బండేదని ఒకరు, ఇదేం పద్ధతని ఒకరు. అంతలో ఒక ముసలాయన కళ్ళు చికిలించి, “ఓరి నువ్వా! ఇంకా ఉన్నావేటి?” అన్నాడు.

“నీకంటే ముందెల్తే నీకు సంతోసం కదా, అందుకే ఆగినాను,” అన్నాడు అవతలాయన. ఇద్దరూ నవ్వలేక దగ్గారు.

ఏడో తలుపులోంచి వచ్చినామె భర్తను బల్లమీద కూర్చోబెట్టి తలెత్తింది. ఎండలో అచ్చియ్యమ్మ కనిపించింది. ఆమె పక్కన ఎవరూ లేరు. ఆ ఖాళీ చోటుకేసే చూసింది. నీడ దాటి వెళ్ళింది.

అచ్చియ్యమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. “ముట్టుకోకే వొదినా, మైల.”

“ఆయన నాకు అన్నయ్య కాడేటి? ఆ మైల నాకు మాత్రం లేదేటి?” అని ఆమె అచ్చియ్యమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

ఇద్దరూ ఎండలోనే నిలబడి ఏడ్చారు. బల్లమీది మనిషి లేవబోయి, లేవలేక, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అరగంట గడిచింది. వాహనాలు వరసగా వచ్చి తలుపులు తెరిచాయి. ఎవరూ కదల్లేదు.

కృపారావు చేతిలోని తెరంతా ఎర్రచుక్కలు. “చూశారా మేడమ్? ఇంత బాధ ఎప్పుడూ నమోదు కాలేదు. ఏం చేయమంటారు?”

“ఇంకో అరగంట ఆపండి,” అంది సుభాషిణి.