చెవిలో పాఠం

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ అక్కాచెల్లెళ్ళకి సుఖం మాట దేవుడెరుగు, అసలు నిద్రే కరువు. ఇద్దరిదీ ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ. రాత్రంతా దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి, తెల్లారి ఇంటికొచ్చి, ఇంత తిని పెద్దవాళ్ళ బడికి పరుగు. పదో తరగతి పాసైతే పగటి డ్యూటీ ఇస్తామన్నారు మరి. రాత్రిళ్ళు పడుకోవాలంటే చదవాలి, చదవాలంటే పడుకోకూడదు. ఇదెక్కడి చోద్యమో చూడండి!

ఇంట్లో ఉన్నది ఒక్కటే మంచం. రాత్రిళ్ళు అక్క మొగుడిది, పగలు వీళ్ళది. మధ్యాహ్నం కిటికీకి నల్ల దుప్పటి కట్టి వంతులవారీగా పడుకునేవాళ్ళు. ఒకరు పడుకుంటే రెండోవాళ్ళు చెవి దగ్గర కూర్చుని పాఠం పైకి చదవాలి. నిద్రలో చెవిన పడింది బుర్రలో నిలిచిపోతుందని ఎవరో చెబితే నమ్మారు, పిచ్చిమొహాలు. బావ బడిపిల్లల వ్యాన్ నడుపుతాడు, అక్షరం ముక్క రాదు. "చెవిలో ఇల్లు కట్టుకుని పోరడమంటే ఇదే కాబోలు" అని నవ్వేవాడు.

అక్కకి బీపీ. "మందు నేనిస్తాను, నిద్ర ఎవరిస్తారమ్మా?" అని డాక్టరమ్మ కసిరింది కూడా. అక్క చదివింది చదివినట్టే మరిచిపోయేది. క్లాసులో రాస్తూ రాస్తూ ఉంటే అక్షరాలు గీత దాటి జారిపోయేవి.

ఒకరోజు, "ఇవాళ్టికి చదవకే, తల పగిలిపోతోంది. కాసేపు పడుకోనివ్వు" అంది అక్క.

"పరీక్షలు నెత్తిమీదకొస్తే ఇప్పుడా నీ గారాలు?" అని చెల్లెలు గుండె పాఠం తీసింది. పై గదులు రెండు, కింది గదులు రెండు... చివరిదాకా చదివి, లేపుదామని చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఏ వాక్యం దగ్గర అక్క ప్రాణం పోయిందో చెల్లెలికి ఇప్పటికీ తెలీదు.

బావ మాటాపలుకూ మానేశాడు. పొద్దున్నే వ్యాన్ తీస్తాడు, వస్తాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. చెల్లెలు మాత్రం అక్క కోసమైనా పాసవ్వాలని మొండికేసింది.

అలా రెండు వారాలు గడిచాక మొదలైంది. కన్ను మూతపడగానే పేజీ తిరిగిన చప్పుడు. చెవి పక్కన వెచ్చని ఊపిరి, సబ్బు వాసన. అక్క గొంతు, కూడబలుక్కుంటూ... చెప్పొద్దూ, భయం వెయ్యలేదు. అక్క కదా! ఏడుస్తూనే విన్నది. కానీ రోజూ వస్తుంటే నిద్రన్నది పోయింది. నిలబడే కునికేది. ఇస్త్రీ రోలర్‌లో వేళ్ళు నలిగిపోవలసింది, పక్కామె లాగబట్టి మిగిలాయి. ఇంతా వింటే, పాఠం ఒక్క ముక్క గుర్తుండేది కాదు.

సైన్సు పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం మంచమెక్కింది. బయట ఎండ మండిపోతోంది, గదిలో చిక్కటి చీకటి. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. తర్వాత అదీ లేదు. ఫ్యాన్ కిర్రుమంది... ఆగింది.

పేజీ తిరిగింది.

"అక్కా..." అంది గుసగుసగా. "ఇవాళ్టికి వద్దే. తల పగిలిపోతోంది."

చదువు ఆగలేదు. ఇంకా దగ్గరికొచ్చింది. ఊపిరి వెచ్చగా లేదు... చల్లగా, చెవి లోపలికి...

అప్పుడు పోల్చుకుంది. అక్క పోయిన రోజు తను చదివిన పేజీలే అవి. తను తడబడిన చోటల్లా తడబడుతూ...

లేచి కూర్చుని భోరుమంది. "నాదే తప్పే అక్కా. పడుకోనివ్వమని అడిగావు, వినలేదు. ఇక చదవకు తల్లీ. నీ వంతూ నా వంతూ నువ్వే పడుకో. నేను లేపను." మంచం సగం ఖాళీ చేసి, చంటిపిల్లకి కప్పినట్టు ఆ ఖాళీ మీద దుప్పటి కప్పింది.

గొంతు ఆగింది. "నీకొద్దా?" అని మాత్రం వినబడింది.

"వద్దు."

సాయంత్రం దాకా ఒళ్ళు తెలీకుండా పడుకుంది. రాత్రి డ్యూటీలో పాఠమంతా పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది. తెల్లారి, పరీక్షకి తయారవుదామని ఇంటికొచ్చింది.

బావ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పులు. అక్క పోయాక మొదటిసారి నవ్వుతున్నాడు.

"పిల్లా, చెడ్డ రక్తం ముందు కుడి పక్క పై గదిలోకొస్తుందట, తెలుసా?"

"రాత్రి పడుకోలేదా బావా?"

"మీ అక్క పడుకోనిస్తేగా! ఎంత బాగా చదువుతోందో. ఇక రోజూ వస్తానంది."

రాత్రిళ్ళు ఆ మంచం మీద పడుకునేది ఎవరో ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇవాళ వ్యాన్ తియ్యకు బావా. నీ కాళ్ళు పట్టుకుంటా. పిల్లలుంటారు... కాసేపు పడుకో."

"ఇన్నాళ్ళకి దాని గొంతు విన్నానే. ఇప్పుడు నాకు నిద్రేమిటి?" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మొహం చూసి, అక్కని వెళ్ళగొట్టు అనడానికి ఆమెకి నోరు పెగల్లేదు. ఆయన లేచి వ్యాన్ దగ్గరికి వెళ్ళాడు.

డ్రైవర్ సీటు వైపు వెళ్ళలేదు. వ్యాన్ అవతలి పక్కకి వెళ్ళి ముందు తలుపు తీసి, పట్టుకుని నిలబడ్డాడు. వ్యాన్ ఆ పక్కకి కొంచెం కుంగింది. అప్పుడు మెల్లగా తలుపు వేశాడు.