ఆదివారం రగూలో ఉప్పు

ఆదివారం చర్చి గంటలు మోగే వేళకే నేపుల్స్‌లోని ఆ సందంతా రగూ వాసన. మూడో అంతస్తులో నున్సియా పొయ్యి ముందు నిలబడింది. వెల్లుల్లి, జున్ను, ఎండుద్రాక్ష కూరి దారంతో కట్టిన గొడ్డుమాంసం చుట్టలు, పంది పక్కటెముకలు టమాటా గుజ్జులో సన్నని సెగ మీద ఉడికి రగూ అవుతున్నాయి. ఆ గిన్నె దరిదాపులకు ఆవిడ ఎవరినీ రానివ్వదు. కోడలిని అసలే రానివ్వదు.

కోడలు మార్లూస్‌ది హాలండ్. పాస్క్వాలేని పెళ్లాడి వచ్చి, అత్తగారి కింది వాటాలో కాపురం పెట్టింది. వాళ్ల దేశంలో మధ్యాహ్న భోజనమంటే రెండు రొట్టె ముక్కల మధ్య ఇంత జున్ను. ఇక్కడ మొదటి ఆదివారం, ముందొచ్చిన పాస్తాతోనే భోజనం అయిపోయిందనుకుని మారు వడ్డించుకుని మరీ తినేసింది. తర్వాత మాంసం పళ్లెం వచ్చేసరికి కళ్లు తేలేసింది. "ఇంకా ఉందా?" అని ఆమె అడిగిన తీరును అనుకరించి మామగారు బతికున్నన్నాళ్లూ నవ్వేవాడు. ఆయనదీ ఓ సరదా. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా వంటింట్లో నిలబడి, రగూలో ముంచిన రొట్టె ముక్క భార్య చేత తినిపించుకునేవాడు. ఈ వయసులో ఇదేం సరసమని పిల్లలు ఆటపట్టించేవారు.

కిందటి చలికాలంలో ఆయన కన్నుమూశాక రగూ మారిపోయింది. ఓ వారం నోట పెట్టలేనంత ఉప్పు, ఓ వారం ఒట్టి చప్పిడి. అయినా ఎవరూ నోరు మెదపలేదు.

"అమ్మ దుఃఖంలో ఉంది. పెట్టింది తిని బాగుందను, చాలు," అని ఆడబిడ్డ ఇమ్మా మెట్లెక్కేటప్పుడే మార్లూస్‌కి పాఠం చెప్పేది.

ఆ రోజూ చెప్పింది. అందరూ బల్ల చుట్టూ కూర్చుని మెచ్చుకుంటూ తిన్నారు, నీళ్లు తాగుతూ మెచ్చుకున్నారు. నున్సియా ఖాళీ అవుతున్న కూజా వంక చూసింది, తర్వాత కోడలి పళ్లెం వంక చూసింది.

"ఏమ్మాయ్, చుట్టకి దారం కూడా విప్పలేదేం?"

పాస్క్వాలే బల్ల కింద భార్య కాలు తొక్కాడు. మార్లూస్ కాలు పక్కకి లాక్కుంది.

"ఉప్పెక్కువైంది అత్తయ్యా. పోయిన వారమూ అంతే."

ఫోర్కులన్నీ ఆగిపోయాయి.

"ఉడకేసిన బంగాళాదుంపలు తినే దేశం నించొచ్చి మా అమ్మ రగూకి వంక పెడతావా?" అని ఇమ్మా కస్సుమంది.

"మరి ఆ కూజా ఖాళీ చేసిందెవరు వదినా?"

"మార్లూస్, చాల్లే. అమ్మకి క్షమాపణ చెప్పు," అన్నాడు పాస్క్వాలే.

"చెప్పను. మా అమ్మకైతే మొహం మీదే చెప్తా. ఈవిడ మాత్రం నాకు అమ్మ కాదా? మీరంతా కలిసి ఆవిణ్ణి పసిపిల్లని చేస్తున్నారు!"

నున్సియా లేచింది. ఏప్రన్ విప్పి కుర్చీ మీద పడేసింది. "వచ్చే వారం నించి ఎవరింట్లో వాళ్లు తినండి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాస్క్వాలే మొహంలో నెత్తురు చుక్క లేదు. తండ్రి చనిపోయిన వారం కూడా ఆ బల్ల మీద పళ్లేలు పరిచిన ఇల్లు అది. పరాయి దేశంలో మార్లూస్‌కున్న పుట్టిల్లు ఆ బల్లే. కూర్చోలేక అత్తగారి వెనకాలే వెళ్లింది.

నున్సియా పొయ్యి ముందు రొట్టె ముక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"నాకు రుచి తెలీదే పిల్లా," అంది వెనక్కి తిరగకుండానే. "ఎప్పుడో విషజ్వరం వచ్చింది చూడు, అప్పుడే పోయింది. వాసనా పోయింది. ఆయనొక్కడికే తెలుసు. ఈ ముక్క ముంచి నోట్లో పెడితే ఇంకో చిటికెడనేవాడు, చాలనేవాడు. మీరేమో సరసమనుకున్నారు."

మార్లూస్ ఆవిడ పక్కకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు ఆయన్లేడు. మీ మొహాలు చూసి తెలుసుకుందామనుకున్నా. అందరూ నవ్వుతూ తిన్నారు. కుదిరిందనే అనుకున్నా. నా కడుపున పుట్టినవాళ్లు నన్ను మోసం చేస్తారా అనుకున్నా!"

గుమ్మంలో వెక్కిళ్లు వినిపించాయి. ఇమ్మా. ఆ వెనక పాస్క్వాలే. "నిన్ను బాధపెట్టకూడదనే కదమ్మా," అంటూ ఇమ్మా వచ్చి తల్లిని చుట్టేసుకుంది. నున్సియా కూతురి వీపు మీద ఒకటి చరిచి, తనూ ఏడ్చింది.

తర్వాతి ఆదివారం చర్చి గంటలింకా మోగలేదు. పై అంతస్తు నుంచి కేక వినబడింది.

"మార్లూస్! పడుకున్నది చాలు, పైకి రా!"

మార్లూస్ చెదిరిన జుట్టుతోనే మెట్లెక్కింది. నున్సియా రొట్టె చివర తుంచి, రగూలో ముంచి, ఊది, కోడలి నోట్లో పెట్టింది.

"చెప్పు."

మార్లూస్ కళ్లు మూసుకుని నిదానంగా నమిలింది.

"ఇంకో చిటికెడు అత్తయ్యా."

నున్సియా ఉప్పు వేసి కలిపింది. తర్వాత ఏప్రన్ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆయనా ఇలాగే, మొహం కడుక్కోకుండానే వచ్చేవాడు," అంటూ ఇంకో ముక్క తుంచి ముంచింది.