మారిన ముగింపులు

సోమవారం పొద్దున పత్రిక మాయమైంది.

పత్రిక అంటే కాగితం కాదు. ఇంటర్నెట్‌లో నడిచే సాహిత్య పత్రిక. పన్నెండేళ్ళ కథలు, కవితలు, వ్యాసాలు. నడిపేది రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. అందరూ మాస్టారు అంటారు. ఆ పొద్దున ఆయన కంప్యూటర్ తెరిస్తే తెల్ల పేజీ, మధ్యలో ఒక ఎర్రర్ మెసేజ్.

సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఆయన దాని ముందే కూర్చుని ఉన్నారు. ఆమె బ్యాంకు మోసాలు చూసి చూసి విసిగిన మనిషి. కథలు ఎవడు దొంగిలిస్తాడు అనుకుంటూనే వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆ మాట నోటికి రాలేదు.

"మా అమ్మాయి కట్టిన సైటమ్మా ఇది. నాకు మిగిలింది అదొక్కటే," అన్నారాయన.

కూతురు ఏడాది కిందట రోడ్డు ప్రమాదంలో పోయింది. అప్పటినుంచి సైట్ పని కూడా ఆయనే నెట్టుకొస్తున్నారు. భార్య ప్రూఫులు చూస్తుంది. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసు. బయటివాళ్ళకు చెప్పలేదన్నారు. భార్య చేతిలో ఫోనుంది, మాస్టారి ఫోను బల్ల మీదుంది. ఇద్దరివీ ఇన్‌స్పెక్టర్ చూసింది. ఏమీ దొరకలేదు.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాల వెనక ఇంకో ఫోను ఛార్జింగ్‌లో ఉంది. కవరు మీద పిల్లి బొమ్మల స్టిక్కర్లు. చూసింది, నీళ్ళు తాగింది, మరిచిపోయింది.

సైట్‌కు చోటిచ్చిన కంపెనీ మధ్యాహ్నానికి జవాబిచ్చింది. హ్యాకింగ్ కాదు. ఆదివారం సాయంత్రం ఎవరో సరైన పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చారు. మొత్తం కాపీ తీసుకున్నారు. ఆ తర్వాతే తుడిచేశారు. వాడింది ఒక మొబైల్ నెట్. ఎవరి నంబరో తేలడానికి రెండు రోజులు పడుతుంది.

కాపీ తీసుకున్నాడంటే కథలతో పనున్నవాడే. అలాంటివాడు ఈ ఊళ్ళో ఒక్కడే కనిపించాడు.

పబ్లిషర్ ఆఫీసులో కుర్చీల మీద కూడా పుస్తకాలే. ఆమె నిలబడే అడిగింది.

"మాస్టారికీ మీకూ పడదట?"

"ముప్పయ్యేళ్ళుగా పడదు. ఆయనది గాలి పత్రిక అంటాను. నావి గోదాం పుస్తకాలంటాడు."

"ఈమధ్య గొడవ?"

"ఒక రచయిత్రి పుస్తకం వేద్దామనుకున్నాను. ఆ కథలు నెట్‌లో ఊరికే దొరుకుతుంటే కొనేదెవరు? తీసెయ్యమన్నాను. తియ్యనన్నాడు."

"ఆదివారం సాయంత్రం ఎక్కడున్నారు?"

"గోదాంలో. చెదలు పట్టాయి. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పకండి."

పనివాళ్ళు అవునన్నారు. ఆమె వచ్చేటప్పుడు పబ్లిషర్ ఒక కాగితాల కట్ట ఇచ్చాడు. సంకలనం వేద్దామని రెండేళ్ళ కిందట సైట్ నుంచి ప్రింట్ తీసుకున్న కథలు. మాస్టారు ఒప్పుకోక అలాగే పడి ఉన్నాయట.

రచయిత్రి ఇంట్లోనే దొరికింది. పోయిన వారం మాస్టారితో పోట్లాడిన మాట నిజమేనంది. పుస్తకం గురించి మాత్రం కాదట.

"నా కథలో తల్లి ఆస్పత్రి నుంచి ఒక్కతే ఇంటికొస్తుంది. మొన్న సైట్‌లో చూస్తే బిడ్డని ఎత్తుకుని వస్తోంది. ఇదేంటి మాస్టారూ అంటే, టైపింగ్ పొరపాటన్నారు. పొరపాటున పోయిన పిల్ల బతుకుతుందా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు వచ్చి తలుపు దగ్గరగా వేసుకుంది. ఒక పక్క పబ్లిషర్ కాగితాలు. ఇంకో పక్క సెర్చ్ ఇంజిన్ దాచుకున్న కాపీల్లో మిగిలిన కొత్త పేజీలు. ఒక్కో కథే పోల్చింది. ముసలివాళ్ళ చావుల జోలికి ఎవరూ పోలేదు. పోయిన కూతుళ్ళు మాత్రం వరసగా ఇళ్ళకు తిరిగొచ్చేశారు.

మార్చిందెవరో ఆమెకు అర్థమైంది. తుడిచిందెవరో అర్థం కాలేదు. ఇంత ప్రేమగా బతికించుకున్నవాళ్ళను ఏ తండ్రీ తన చేత్తో తుడుచుకోడు.

బుధవారం ఆ నంబరు వివరం వచ్చింది. మాస్టారి కూతురిది. ఇన్‌స్పెక్టర్ ఆ పేరు రెండుసార్లు చదివింది. మరుక్షణం వంటింటి డబ్బాలు గుర్తొచ్చాయి.

సాయంత్రం మాస్టారి ముందుగదిలో నలుగురినీ కూర్చోబెట్టింది.

"పాస్‌వర్డ్ ఉంటే కథలు దిద్దవచ్చు. సైట్ మొత్తం తుడవాలంటే ఓటీపీ కూడా కావాలి," అంది. "సైట్ అమ్మాయి పేరు మీదుంది. ఓటీపీ ఆమె ఫోనుకే వెళ్తుంది."

"ఆ నంబరు ఎప్పుడో పోయింది కదమ్మా," అన్నారు మాస్టారు.

ఇన్‌స్పెక్టర్ వంటింటి వైపు చూసింది. పోయిన మనిషి ఫోనుకు ఛార్జింగ్ పెట్టేదెవరని మొదటి రోజే అడగాల్సింది. అడగనందుకు తనను తాను తిట్టుకుంది.

మాస్టారి భార్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. పిల్లి బొమ్మల ఫోను, ఒక డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏడాదిగా ఆమె ప్రతి నెలా ఆ ఫోను రీఛార్జ్ చేయిస్తూనే ఉంది.

"కథలు మారుస్తున్నారని మొదట్నుంచీ తెలుసు," అంది భర్తను చూస్తూ. "ప్రూఫులు చూసేదాన్ని, నాకు కనపడదా? మీ మనసుకి కాస్త ఊరటేమో, పోనీలే అనుకున్నాను. ఆదివారం అమ్మాయి నివాళి పేజీ తీసేశారు. 'మా సాంకేతిక సంపాదకురాలు సెలవులో ఉన్నారు, త్వరలో తిరిగి వస్తారు' అని పెట్టారు."

ఫోను కవరు మీది స్టిక్కరును వేలితో తడిమింది.

"నేనూ నమ్మానండీ. వీధి తలుపు గడియ తీసి గంటసేపు కూర్చున్నాను. అప్పుడు భయమేసింది. ఇద్దరం ఇలా అయిపోతే ఎలా? అందుకే కాపీ తీసుకుని మొత్తం తుడిచేశాను."

రచయిత్రి కళ్ళు తుడుచుకుంది. పబ్లిషర్ తల దించుకున్నాడు.

డ్రైవ్‌లో కథలన్నీ ఉన్నాయి. ఎన్నిసార్లు దిద్దినా పాత రూపం అడుగున భద్రంగా ఉండేలా ఆ అమ్మాయి సైట్‌ను కట్టింది. తల్లి ఆ పాత ముగింపులన్నీ వెతికి, ఎవరి కథ వాళ్ళకు తిరిగి పెట్టింది. చచ్చిన పిల్లలందరినీ మళ్ళీ చంపాల్సి వచ్చిందని చెప్పి, అప్పుడు ఏడ్చింది.

మాస్టారు ముందు రచయిత్రికి క్షమాపణ చెప్పారు. తర్వాత పబ్లిషర్ వైపు తిరిగారు.

"అచ్చయితే ఇంక మార్చడానికి ఉండదు కదూ?"

"ఉండదు మాస్టారూ."

"సైట్ మళ్ళీ పెడతాం. కథలన్నీ అందులోనే ఉంటాయి, ఊరికే దొరుకుతాయి. నువ్వు సంకలనం కూడా వేసుకో. మొదటి పేజీలో మాత్రం మా అమ్మాయి నివాళి వెయ్యి. నా చేతికి అందకూడదది."

పబ్లిషర్ సరేనన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు కాగితం మడిచి మాస్టారికే తిరిగి ఇచ్చేసింది.

బల్ల మీది ఫోను బ్యాటరీ అయిపోవచ్చిందని చిన్నగా మోగింది. భార్య చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మాస్టారు లేచి ఆ ఫోను తీసుకుని వంటింట్లోకి నడిచారు. డబ్బాలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"ఛార్జర్ ఎక్కడ పెట్టావు?" అని అడిగారు లోపలినుంచి.