మేడమీద డార్క్‌రూమ్‌లో ఆడమనిషి

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు నా బామ్మర్ది, రంగుల కొట్టువాడు. అబద్ధం చెప్పాడని అనను. చూసింది చూసినట్టే చెప్పాడు. వాడికి చూడ్డమే రాదు.

మా ఫొటో స్టూడియో మేడమీద డార్క్‌రూమ్ ఉంది. ఇప్పటికీ చీకటి పడితే ఆ మెట్లు ఎవరూ ఎక్కరు. ఉరేసుకున్న ఆడమనిషి ఉందట అక్కడ. ముప్పై ఏళ్ళు ఆ గదిలో ఫొటోలు కడిగినవాణ్ణి నేను. ఒక్కడూ నన్నడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు నా కోసమే వచ్చాడు వాడు. పొద్దుగూకింది. కరెంటు లేదు. కింద ఎవరూ లేరు.

"బావా!"

మెట్లెక్కాడు. పైనెక్కడో నీళ్ళు — టప్... టప్...

"బావా... ఉన్నావా?" ఈసారి గొంతు తగ్గించాడు.

తలుపు తోశాడు. నల్ల తెర పక్కకి లాగాడు. లోపల ఏదో మెల్లిగా ఊగుతోంది... అగ్గిపుల్ల గీశాడు.

ఆడమనిషి. నిలువెత్తు మనిషి. మెడ వాలిపోయింది, చేతులు వేలాడుతున్నాయి, కాళ్ళు నేలకి ఆనలేదు. ఒంట్లో రంగన్నది లేదు — అంతా బూడిద. ఆమె కడుపులోంచి వెనక గోడ మీది పగులు కనిపిస్తోంది!

చెయ్యి చాపాడు. ఎందుకు చాపాడో వాడికే తెలీదు. చల్లగా, తడిగా, జారుడుగా తగిలింది...

ముఖం చూశాడు. మా చెల్లెలు.

పుల్ల ఆరిపోయింది. వాడు మెట్లు దిగాడో దొర్లాడో — వీధి మధ్యన పడి ఒకటే కేకలు: "మా బావ చెల్లెలు ఉరేసుకుంది! అప్పుడే దెయ్యం కూడా అయిపోయింది!"

ఇక నేను చెప్పేది వినండి.

మా ఫొటోగ్రాఫర్‌కి ఏడుపు బొమ్మల పిచ్చి. నలుపు తెలుపులోనే తియ్యాలి, ఆశ చచ్చిన మనిషి కనపడాలి అనేవాడు. నన్ను చూడ్డానికి వచ్చిన మా చెల్లెల్ని గోడ ముందు నిలబెట్టాడు.

"మెడ వాల్చమ్మా. ఇంకా. నీకెవరూ లేరనుకో."

"అన్నయ్య ఉన్నాడుగా" అని కిసుక్కుమంది. దాంతో రెండు ఫిల్ములు పాడు.

మూడోసారి కెమెరా కన్ను అరనిమిషం తెరిచి ఉంచి, సగంలో చెల్లెల్ని పక్కకి తప్పుకోమన్నాడు. అందుకే ఒళ్ళు గాజులా పడింది, వెనక గోడ కనిపించింది. లైటు పట్టింది నేను. నిలువెత్తు కాగితం మీదికి బొమ్మ దించి, కడిగి, దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేసింది నేను. ఆ తరవాత చెల్లెల్ని బస్సెక్కించడానికి వెళ్ళాను. బామ్మర్ది వచ్చింది అప్పుడే.

మర్నాడు వీధి వీధంతా నా మీద పడింది. "నీ చెల్లెలేదయ్యా?"

"వాళ్ళింటికి వెళ్ళింది."

ఎవడు నమ్మాడు? ఆరు నెలలకి అది మళ్ళీ వస్తే మొహం మీదే తలుపులేసుకున్నారు. ఎవరో రాయి కూడా విసిరారు. ఆ పోవడం పోవడం, మళ్ళీ మా గడప తొక్కలేదు.

తనే నిలబెట్టి తీశానని ఫొటోగ్రాఫర్ ఒక్క మాట అంటే ఆ పుకారు పోయేది. అనలేదు. దెయ్యం పుణ్యమా అని బొమ్మకి పేరొచ్చింది మరి! "నోరు మూసుకుంటావా, వేరే పని చూసుకుంటావా?" అన్నాడు నాతో. మూసుకున్నాను. ఆయన్ని ఎంత తిట్టినా ఆ మాట దాచను.

ఆయన పోయాడు. ఇప్పుడు కొడుకు ఆ బొమ్మని ఫొటోల ప్రదర్శన పెట్టే పెద్ద హాల్లో తగిలించి, కింద చీటీ పెట్టాడు. వెళ్ళి కూడబలుక్కుని మూడుసార్లు చదివాను — "ఈమె మా స్టూడియో డార్క్‌రూమ్‌లోనే ప్రాణం తీసుకుంది."

మా చెల్లెలికి డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు తప్ప ఏ రోగమూ లేదు. ఒక్కసారి మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండాలని దాని ఆశ. "మీ వీధిలో నేను చచ్చి నలభై ఏళ్ళాయె, ఎలా రాను అన్నయ్యా?" అంటుంది ఫోన్లో.

నా మాట ఆ హాలువాళ్ళు వినరు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి ఆ చీటీ పీకించండి. మనిషి బతికే ఉందని రాయించండి.